విషజ్వరం అనేది జబ్బు పేరు కాదు: మన పిల్లల చావుకు అసలు పేరు అడుగుదాం



పోస్టు పెద్దదే. కాస్త ఓపిక చేసుకుని చివరిదాకా చదవండి. ఒప్పుకోనివాళ్లు కింద కామెంట్లో తిట్టండి, పర్లేదు. కానీ చదివాక తిట్టండి.

వానలు మొదలైతే చాలు, పేపర్లో జిల్లా పేజీకి ఒక హెడ్డింగు ఖాయం. "ఏజెన్సీలో విషజ్వరాలు." కింద నాలుగు లైన్లు. ఫలానా గూడెంలో పిల్లాడికి జ్వరం వచ్చింది, రెండో రోజు ఫిట్స్ వచ్చాయి, డోలీలో మోసుకొస్తుంటే దారిలోనే ప్రాణం పోయింది. అధికారులు మెడికల్ క్యాంపు పెట్టారు, బ్లీచింగ్ చల్లారు, పరిస్థితి అదుపులో ఉందన్నారు. మళ్లీ వచ్చే వానాకాలం అదే హెడ్డింగు, ఊరి పేరు మాత్రం వేరు.

నేను అడిగేది ఒకటే. విషజ్వరం అంటే ఏంటి? ఏ ల్యాబులోనూ ఆ పేరుతో పరీక్ష లేదు. ఆ పేరుకు మందు లేదు, టీకా లేదు. పట్నంలో ఆఫీసరు గారి పిల్లాడికి జ్వరంతో ఫిట్స్ వస్తే గంటలో రక్తం తీస్తారు, స్కాన్ తీస్తారు, వెన్నులో నీరు తీసి పరీక్షకు పంపిస్తారు. సాయంత్రానికి ఏదో ఒక పేరు చెప్తారు. మన పిల్లాడు చనిపోయాక కూడా పేరు ఉండదు. చావుకు కారణం "జ్వరం" అని రాసి ఫైలు మూసేస్తారు.

ఇది బద్ధకం ఒక్కటే అనుకుంటే పొరపాటు. పేరు పెట్టకపోవడం వల్ల కొందరికి లాభం ఉంది. జపనీస్ ఎన్‌సెఫలైటిస్ అని తేలితే, టీకా ఎందుకు వెయ్యలేదని అడుగుతాం. మెదడుకెక్కిన మలేరియా అని తేలితే, దోమ మందు ఎందుకు కొట్టలేదు, టెస్టు కిట్ ఎందుకు లేదని అడుగుతాం. కుక్క కరిచి రేబీస్ అని తేలితే, పీహెచ్‌సీలో ఇంజెక్షన్ ఎందుకు లేదని అడుగుతాం. ప్రతి పేరు వెనక ఒక ప్రశ్న ఉంటుంది, దానికి జవాబు చెప్పాల్సిన మనిషి ఉంటాడు. విషజ్వరం అంటే ఎవరూ జవాబు చెప్పక్కర్లేదు. తప్పు గాలిది, నీటిది, అడవిది అయిపోతుంది. చివరికి మనదే అయిపోతుంది.

మరి మనం అడగాలంటే ముందు మనకు విషయం తెలియాలి. అందుకే కొంచెం సైన్సు.

మెదడుకు ఒక కాపలా ఉంది. రక్తంలో తిరిగే ప్రతిదీ మెదడులోకి పోకుండా అక్కడి సన్న రక్తనాళాల గోడలు గట్టిగా అల్లుకుని ఉంటాయి. చాలా వైరస్‌లు ఆ కాపలా దగ్గరే ఆగిపోతాయి. కొన్ని దాటతాయి. దాటే దారులు వేరువేరు.

రేబీస్ వైరస్ రక్తం దారిన రాదు. కుక్క కరిచిన చోట కండలోంచి నరంలోకి దూరి, ఆ నరం వెంబడే మెల్లగా వెన్నుపాముకు, అక్కడినుంచి మెదడుకు ఎక్కుతుంది. దానికి మామూలుగా వారాలో నెలలో పడుతుంది. ఆ గడువే మనకున్న అవకాశం. వెంటనే గాయాన్ని సబ్బుతో పారే నీటిలో 15 నిమిషాలు కడిగి, టీకా డోసులన్నీ వేయించుకుంటే, లోతు గాయమైతే ఇమ్యూనోగ్లోబులిన్ కూడా ఇప్పిస్తే మనిషి బతుకుతాడు. నీళ్లు చూసి భయపడే దశ వచ్చాక బతికినవాళ్లు ప్రపంచం మొత్తంలో వేళ్ల మీద లెక్క.

పోలియో వైరస్ పేగుల్లో మొదలై, కొద్దిమందిలో వెన్నుపాములోని కండలను కదిలించే నరాల కణాలను చంపేస్తుంది. తట్టు వైరస్ ఇంకో రకం. తట్టు తగ్గిపోయిందనుకుంటాం. అరుదుగా కొందరు పిల్లల్లో వైరస్ మెదడులోనే దాక్కుని, ఏళ్ల తర్వాత బయటపడుతుంది. బాగా చదివే పిల్ల చదువు మర్చిపోతుంది, ఉలిక్కిపడినట్టు ఒళ్లు కుదుపుతుంది, మెల్లగా మంచాన పడుతుంది. దానికి నయం చేసే మందు లేదు. చిన్నప్పుడు వేసే తట్టు టీకా ఒక్కటే అడ్డు.

జపనీస్ ఎన్‌సెఫలైటిస్ వైరస్ దోమ కుట్టినప్పుడు రక్తంలోకి వచ్చి మెదడు దాకా పోతుంది. అది వరి మడుల్లో పెరిగే క్యూలెక్స్ దోమ. కొంగల్లో, పందుల్లో వైరస్ పెరుగుతుంది, దోమ దాన్ని మనిషికి తెస్తుంది. మనిషి నుంచి మనిషికి అంటదు. మెదడులోకి చేరాక నరాల కణాలు చస్తాయి, మెదడు వాస్తుంది. పుర్రె గట్టిది, సాగదు. వాచిన మెదడుకు చోటు లేక లోపల ఒత్తిడి పెరుగుతుంది. అప్పుడే తలనొప్పి, వాంతులు, ఫిట్స్, స్పృహ తప్పడం.

ఈ వైరస్‌కు మెదడు లోతుల్లో, ఒళ్లు కదలికను అదుపు చేసే చోట దెబ్బ కొట్టే గుణం ఉంది. అందుకే పిల్ల ముఖంలో కదలిక పోతుంది, కళ్లు ఒకవైపు నిలబడిపోతాయి, చేతులు మెలికలు తిరుగుతాయి, సంబంధం లేని మాటలు వస్తాయి. బయటనుంచి చూసినవాళ్లకు ఏమనిపిస్తుంది? పిల్లకు ఏదో పట్టిందనిపిస్తుంది. మన పెద్దలు అలా అనుకోవడంలో వింతేం లేదు, చూడ్డానికి అలాగే ఉంటుంది.

ఇంకో లెక్క చెప్తా, ఇది బాగా గుర్తుపెట్టుకోండి. జపనీస్ ఎన్‌సెఫలైటిస్ వైరస్ సోకిన ప్రతి 250 మందిలో సుమారు ఒక్కరికే జబ్బు మెదడుకు ముదురుతుంది. మిగతావాళ్లకు కొంచెం జ్వరం, లేదా ఏమీ తెలియను కూడా తెలియదు. అంటే ఊరంతా అవే దోమలు కుట్టినా ఒకే ఇంట్లో ఒకే పిల్లకు ఫిట్స్ వస్తాయి. అప్పుడు ఆ తల్లి అడుగుతుంది, "ఊరంతా బాగుంటే నా బిడ్డకే ఎందుకు?" ఆ ప్రశ్నకు జవాబు దొరకని చోటే చేతబడి అనే మాట పుడుతుంది. ఊరి చివర ఒంటరిగా ఉండే ముసలమ్మ మీదకో, పొలం తగాదా ఉన్న పాలివాళ్ల మీదకో చూపు పోతుంది. తర్వాత ఏం జరుగుతుందో మన ఏజెన్సీలో ఎవరికీ చెప్పక్కర్లేదు. కొట్టడాలు, ఊరు వదిలి పొమ్మనడాలు, హత్యలు. పిల్ల పోయింది, ఆ పిల్లతో పాటు ఏ పాపం తెలియని ఇంకో ప్రాణం పోయింది. వైరస్ మాత్రం దోమలో హాయిగా ఉంది.

ఇప్పుడు రెండు నిజమైన సంగతులు చూద్దాం.

మొదటిది 2003. అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో, ముఖ్యంగా కరీంనగర్, వరంగల్ వైపు, జూన్ నుంచి ఆగస్టు దాకా పిల్లలు మెదడువాపుతో వరసగా చనిపోయారు. 329 మందికి జబ్బు వస్తే 183 మంది పోయారు. సగానికి పైనే. ఎక్కువమంది ఆసుపత్రిలో చేరిన 24 గంటల్లోపే. ముందు అందరూ జపనీస్ ఎన్‌సెఫలైటిస్ అనుకున్నారు. శాంపిళ్లు పుణెలోని వైరాలజీ సంస్థకు వెళ్లాక చాందీపురా వైరస్ అని తేలింది. అది దోమతో కాదు, ఇసుక ఈగతో వస్తుంది. ఆ ఈగ మట్టి గోడల పగుళ్లలో, పశువుల కొట్టాల్లో ఉంటుంది. పేరు తేలకపోయి ఉంటే దోమల మీదే మందు కొట్టుకుంటూ కూర్చునేవాళ్లు. గోడ పగుళ్లు పూడ్చాలి, ఇంటి లోపల మందు కొట్టాలి అన్న మాట పేరు తెలిశాకే వస్తుంది.

ఆ వైరస్‌ను మొదట పట్టుకున్నది 1965లో, మహారాష్ట్రలో నాగపూర్ దగ్గర చాందీపురా అనే ఊళ్లో. ఇన్నేళ్లయినా దానికి టీకా లేదు, ప్రత్యేకమైన మందు లేదు. 2024లో గుజరాత్ వైపు మళ్లీ విరుచుకుపడింది. ఆ ఏడాది జూన్ మొదటి నుంచి ఆగస్టు 15 దాకా దేశంలో మెదడువాపు లక్షణాలతో లెక్కకొచ్చినవి 245 కేసులు, 82 మరణాలు. వాటిలో చాందీపురా అని ల్యాబులో తేలినవి 64. మట్టిగోడల ఇళ్లలో బతికే పేద పల్లెల పిల్లల్ని చంపే వైరస్ కాబట్టి దానికి మందు కనిపెట్టే తొందర ఎవరికీ లేదు. పట్నం అపార్ట్‌మెంట్లలో పిల్లలు ఇలాగే పోతే ఇన్నేళ్లు ఊరుకునేవాళ్లా? మీరే చెప్పండి.

రెండోది మల్కన్‌గిరి. చింతూరు వైపు నుంచి సరిహద్దు దాటితే ఒడిశాలో వచ్చే జిల్లా అది. అక్కడి కోయలకు, మన కోయలకు మధ్య ఉన్నది గీత ఒక్కటే. చుట్టరికాలు, పెళ్లిళ్లు, సంతలు అన్నీ కలిసే ఉంటాయి. 2016లో సెప్టెంబరు నుంచి మొదలుపెట్టి కొద్ది నెలల్లో అక్కడ వందకు పైగా చిన్నపిల్లలు పోయారు. కొందరిలో జపనీస్ ఎన్‌సెఫలైటిస్ అని పరీక్షల్లో తేలింది. వెంటనే నింద పందుల మీద పడింది. పందుల్ని ఊళ్లకు దూరంగా తరలించే పని పెట్టుకున్నారు. పంది అంటే మనవాళ్లకు పండగ, పెళ్లి, కష్టానికి అమ్ముకునే ఆస్తి. అది కూడా పోయింది.

కానీ పిల్లలందరిలో వైరస్ దొరకలేదు. వేలూరు సీఎంసీలో పనిచేసిన ప్రముఖ వైరాలజిస్టు డాక్టర్ టి. జాకబ్ జాన్ నాయకత్వంలో నిపుణులు వెళ్లి చూశారు. చాలా చావులకు కారణం వైరస్ కాదు, కసింద గింజల్లోని విషం అన్నారు. మన దారుల పక్కన పచ్చపూలు పూసి, సన్నటి కాయలు కాసే మొక్కే అది. ఒడియాలో బడా చకుండా అంటారు. దాని గింజల్లోని ఆంత్రాక్వినోన్లు అనే పదార్థాలు చిన్నపిల్లల కాలేయాన్ని, కండరాల్ని, మెదడుని ఒకేసారి దెబ్బతీస్తాయి. బయటికి కనిపించేది మాత్రం అచ్చం మెదడువాపు లాగే. వాంతులు, ఫిట్స్, స్పృహ పోవడం. అంతకుముందే ఉత్తరప్రదేశ్ పశ్చిమ జిల్లాల్లో ఇదే మొక్క వల్ల పిల్లలు చనిపోయినట్టు డాక్టర్లు గుర్తించి రాశారు.

ఇక్కడ రెండు విషయాలు పట్టుకోండి. ఒకటి, పేరు తప్పయితే పని కూడా తప్పవుతుంది. కసింద తిన్న పిల్లను దోమతెర కాపాడదు. దోమ కుట్టిన పిల్లను కసింద మొక్కలు పీకి కాపాడలేం. రెండోది, మల్కన్‌గిరిలో జపనీస్ ఎన్‌సెఫలైటిస్ ఉందని 2012లోనే ల్యాబు పరీక్షల్లో తేలింది. అక్కడ టీకా కార్యక్రమం మొదలైంది 2016 డిసెంబరులో, అన్ని చావులు అయ్యాక. టీకా అప్పటికి కొత్తదేం కాదు. 2005లో గోరఖ్‌పూర్ వైపు పిల్లలు వందల్లో చనిపోయాక 2006 నుంచే మన దేశంలో వేస్తున్నారు. 2013 నుంచి హైదరాబాద్‌లోనే ఒక కంపెనీ ఈ టీకా తయారుచేస్తోంది. హైదరాబాద్ నుంచి మల్కన్‌గిరి ఎంత దూరం? టీకా ఉంది, వైరస్ ఉందని తెలుసు, మధ్యలో నాలుగేళ్లు ఏం చేశారు?

దీనికి వచ్చే జవాబులు నాకు తెలుసు. మొదటి జవాబు బయటివాళ్లది. "మీవాళ్లు మూఢనమ్మకాలతో ఆసుపత్రికి రారు, మేమేం చేస్తాం?" ఈ మాట విన్నప్పుడల్లా మనలో చదువుకున్న కొందరు కూడా సిగ్గుతో తల దించుకుంటారు. ఎందుకు దించుకోవాలి? పోలియో సంగతి చూడండి. ఐసుపెట్టె భుజానేసుకుని, కొండెక్కి, వాగు దాటి మన గూడేలకు చుక్కలు తెచ్చారు. మనవాళ్లు పిల్లల్ని ఎత్తుకొచ్చి వేయించారు. 2014 మార్చి 27న మన దేశం పోలియో లేని దేశంగా సర్టిఫికెట్ తీసుకుంది. ఆ సర్టిఫికెట్‌లో మన గూడేల వాటా కూడా ఉంది. మందు ఇంటి దగ్గరికి వస్తే తీసుకున్నది మనవాళ్లే. డోలీ కట్టుకుని పది కిలోమీటర్లు నడిచొస్తే డాక్టరు లేడంటే, ఇంకోసారి ఎవరైనా ఎందుకొస్తారు?

రెండో జవాబు మనలోదే. "ఇంగ్లీషు మందు మనది కాదు, మన పసరు మందు చాలు, టీకాలు మన జనాభా తగ్గించడానికే." ఈ మాటలు ఈ గ్రూపులాంటి గ్రూపుల్లోనే తిరుగుతున్నాయి. ఫార్వర్డ్ చేసేవాళ్లను ఒకటే అడుగుతా. మీకు చిన్నప్పుడు టీకాలు పడ్డాయా లేదా? పడ్డాయి కాబట్టే ఇవాళ డిగ్రీ చదువుతూ ఫోన్లో ఇది టైపు చేస్తున్నారు. మన వైద్యం మీద నాకు గౌరవం ఉంది. కానీ మెదడు వాచిన పిల్లకు చెవిలో పసరు పోస్తే, నుదుటి మీద ఇనుపకడ్డీతో వాత పెడితే, అది మన సంస్కృతి అని ఊరుకోలేను. ఆ పిల్లకు అప్పటికే నొప్పి ఉంది, దాని మీద కాలిన గాయం పెడుతున్నాం. గంటలు కూడా పోగొడుతున్నాం.

అలాగని వడ్డెను, దిసారిని, ఎజ్జోడిని వెటకారం చేసే పోస్టులు కూడా ఆపండి. ఊళ్లో జబ్బు పిల్లను ముందు చూసేది ఆయనే. ఆయన "ముందు ఆసుపత్రికి తీసుకుపోండి, పూజ తర్వాత చేద్దాం" అంటే ఊరు వింటుంది. ఆ మాట ఆయన నోటితో అనిపించడం మన పని. మన భాషలో, మర్యాదగా కూర్చుని చెప్పాలి. బయటినుంచి వచ్చినవాళ్లు చెప్తే వినరు, మనం చెప్తే వింటారు.

ఇంకో మాట బతికినవాళ్ల గురించి. దీన్ని ఎవరూ రాయరు. జపనీస్ ఎన్‌సెఫలైటిస్‌తో మెదడువాపు వచ్చినవాళ్లలో వందకు 30 మంది దాకా చనిపోవచ్చు. బతికినవాళ్లలోనూ వందకు 20 నుంచి 30 మందికి జీవితాంతం ఏదో ఒక లోపం మిగులుతుంది. చెయ్యి పనిచేయదు, మాట రాదు, మళ్లీమళ్లీ ఫిట్స్, చదివింది గుర్తుండదు, ఊరికే కోపం. ఆ పిల్లాడు ఆశ్రమ పాఠశాలకు తిరిగొస్తే మొద్దు అంటారు, హాస్టల్లో ఫిట్స్ వస్తే ఇంటికి పంపేస్తారు. పేపర్లో చావుల లెక్కే వస్తుంది కానీ ఈ పిల్లల లెక్క రాదు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో దీర్ఘకాలిక నరాల జబ్బులు, బుద్ధి మాంద్యం కూడా ఉన్నాయి. సదరం క్యాంపులో సర్టిఫికెట్ తీసుకునే హక్కు వాళ్లకుంది. కానీ కాగితంలో ఏం జబ్బు వచ్చిందో రాసి లేకపోతే అక్కడ కూడా తిప్పించుకుంటారు. పేరు లేకపోవడం వల్ల నష్టం చావుతో ఆగదు, బతికినవాడి పింఛను దాకా వెంటబడుతుంది.

సరే, మనం ఏం చేయాలి? ఉపన్యాసం చాలు, పని చెప్తా.

1. జ్వరంతో పాటు ఫిట్స్ గానీ, మత్తు గానీ, తేడా మాటలు గానీ ఉంటే అది మామూలు జ్వరం కాదు. తెల్లారేదాకా ఆగొద్దు. ఫిట్స్ వచ్చిన పిల్లను పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో చెంచా, నీళ్లు, మందు ఏదీ పెట్టొద్దు. చేతిలో తాళాలు పెడితే ఫిట్స్ ఆగవు. ఫిట్స్ 5 నిమిషాలు దాటితే ప్రమాదం.

2. పీహెచ్‌సీలో రెండు అడగండి. మలేరియా కిట్ టెస్టు, చక్కెర స్ట్రిప్ టెస్టు. మెదడుకెక్కే మలేరియా వైరస్ కాదు, దానికి ఆర్టిసునేట్ ఇంజెక్షన్ ఉంది. స్క్రబ్ టైఫస్ కూడా వైరస్ కాదు, దానికి డాక్సీసైక్లిన్ లాంటి చవక మందు ఉంది. చక్కెర పడిపోతే గ్లూకోజ్ ఎక్కించాలి. బతికించగలిగే జబ్బుల్ని విషజ్వరం లెక్కలో కలిపి చంపుకోవద్దు.

3. పెద్దాసుపత్రిలో వెన్నులో నీరు తీస్తామంటే వద్దని పారిపోవద్దు. నడుము పడిపోతుందన్నది అపోహ. సూది వెన్నుపాము అయిపోయిన చోటుకు కింద గుచ్చుతారు. ఆ నీటిలోనే జబ్బు పేరు దొరికే అవకాశం ఎక్కువ. మొదటి రోజుల్లో పరీక్ష నెగెటివ్ వచ్చినా మళ్లీ చేయాల్సి రావచ్చు, అడగండి.

4. చనిపోతే కారణం రాసిన సర్టిఫికెట్ అడగండి. జనన మరణాల నమోదు చట్టానికి 2023లో చేసిన సవరణ ప్రకారం ఆసుపత్రి ఆ సర్టిఫికెట్ కాపీని దగ్గరి బంధువుకు ఇవ్వాలి. డబ్బులు తీసుకోకూడదు. అందులో ఉత్త "జ్వరం" అని ఉంటే ఏ జ్వరమో అడగండి.

5. ఈ సెలవుల్లో ఊరికి వెళ్లినప్పుడు ప్రతి ఇంట్లో తల్లీబిడ్డ కార్డు చూడండి. తట్టు-రూబెల్లా టీకా 9 నెలలు నిండాక ఒకటి, 16 నుంచి 24 నెలల మధ్య ఇంకోటి పడాలి. జపనీస్ ఎన్‌సెఫలైటిస్ టీకా ఎంపిక చేసిన జిల్లాల్లోనే, అదే వయసుల్లో వేస్తారు. మీ జిల్లా ఆ జాబితాలో ఉందా లేదా సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. లేకపోతే ఎందుకు లేదో, ఎన్ని శాంపిళ్లు పరీక్షించి లేదంటున్నారో అడగండి. పరీక్షే చేయకుండా కేసులు లేవంటే ఒప్పుకోవద్దు.

6. చిన్నపిల్లలకు కసింద కాయలు ఎలా ఉంటాయో చూపించి, నోట్లో పెట్టుకోవద్దని చెప్పండి. పందుల దొడ్డి ఇళ్లకు కాస్త దూరంగా పెట్టుకోమనండి, సాయంత్రం నుంచే దోమతెర కట్టమనండి. పందుల్ని వదులుకోమని మాత్రం ఎవరూ చెప్పనక్కర్లేదు.

ప్రతి మండలం నుంచి ఇద్దరు ముందుకు రండి. పోయిన రెండు వానాకాలాల్లో మీ మండలంలో జ్వరం, ఫిట్స్‌తో పోయిన పిల్లల లెక్క రాద్దాం. వయసు, గూడెం, ఎన్ని రోజుల జ్వరం, ఏ ఆసుపత్రి, ఏ పరీక్ష చేశారు, కాగితంలో ఏం రాశారు. పిల్లల పేర్లు గ్రూపులో పెట్టొద్దు, వివరాలు మనలోనే ఉంచుదాం. ఆ లెక్క పట్టుకుని ఐటీడీఏ పీఓ గారి దగ్గరికి, జిల్లా వైద్యాధికారి దగ్గరికి వెళ్దాం. ఈసారి మెడికల్ క్యాంపు వద్దు, బ్లీచింగ్ వద్దు. ఒక్కో పిల్ల పక్కన ఒక్కో జబ్బు పేరు రాసి ఇమ్మని అడుగుదాం. రాయలేకపోతే, ఎందుకు రాయలేకపోయారో రాసి సంతకం పెట్టమందాం.

వచ్చేవాళ్లు కింద మీ మండలం పేరు రాయండి.

జై ఆదివాసీ.